ఆంప్లిఫయరు దోషములు – వాని చరిత్ర

కొన్ని సంవత్సరముల క్రిందట శ్రీరామనవమి పందిరిలో హరికథ వినుటకై మేము ఒక చిన్న గ్రామమునకు పోయితిమి. దాసుగారు వయసు మీరినవారు. కాలికి గజ్జెలు, చేతిలో చిడతలు, ముఖమున తేజస్సు, అన్నియు ఉన్నవి గాని, కంఠము మాత్రము మూడవ వరుసను దాటి పోవునట్లు లేదు. పందిరి నిండ జనము; పందిరి వెలుపల బండ్లపై కూర్చున్నవారు మరికొందరు. మైకుసెట్టు మీట వేయగనే 'గుమ్'మని ఒక హోరు పుట్టి హార్మోనియపు శ్రుతిని మ్రింగివేసెను. సెట్టు తెచ్చిన కుర్రవాడు గాబరాపడి పెట్టెపై రెండు చరుపులు చరచెను. హోరు తగ్గలేదు. 'కరెంటే మంచిది కాదు' అని ఒకరును, 'వేరే సెట్టు తెప్పించండి' అని ఒకరును అనుచుండిరి. దాసుగారు చిడతలు చేతబట్టి మౌనముగా నిలిచియుండిరి.

ఇంతలో జనములో నుండి ఒక ముసలి మెకానికు లేచి వచ్చెను. ఆయన పెట్టె మూత విప్పలేదు; దానిని తాకనైన తాకలేదు. లౌడు స్పీకరు చెంత నిలిచి, కన్నులు మూసికొని, అర నిమిషము పాటు ఆ హోరును వినెను. ఆ పిమ్మట ఆయన చేసిన పనిని ఈ ప్రసంగము చివర చెప్పెదము. ఆ అర నిమిషపు వినికిడిలో నూరు సంవత్సరములకు పైబడిన చరిత్ర ఇమిడి ఉన్నదని మాత్రము ఇప్పుడు మనవి చేయుచున్నాము. ఆంప్లిఫయరునకు పట్టు ప్రతి రోగమును ఒకప్పుడు ఎవరికిని అంతుపట్టని సమస్యయే. ఎవరో ఒకరు ఆ రోగమును ఓపికతో గమనించి కారణము కనుగొనిరి. ఆ కారణము నుండియే తరువాతి ఆంప్లిఫయరు పుట్టినది. ఈ యంత్రము యొక్క చరిత్రను దాని గొప్పల వరుసలో గాక, దాని దోషముల వరుసలో చెప్పుకొన్నచో ఎక్కువ బోధపడునని మా అభిప్రాయము.

ముందుగా ఆంప్లిఫయరు చేయు పని ఏమో చూతము. మైకులో పుట్టు విద్యుత్తు మిక్కిలి స్వల్పమైనది. వోల్టులో వేయవ వంతులలో లెక్కింపదగినది. లౌడు స్పీకరు పలుకవలెనన్నచో అనేక వాట్ల శక్తి కావలెను. ఈ శక్తి మైకు నుండి రాదు. కరెంటు నుండియో బ్యాటరీ నుండియో వచ్చును. మన కాలువలపై తూములు ఉన్నవి గదా! తూము తలుపును త్రిప్పుటకు ఒక మనిషి బలము చాలును. దాని క్రింద పారు నీరు మాత్రము వందల ఎకరములను తడుపును. మైకు నుండి వచ్చు సన్నని విద్యుత్తు ఆ తలుపు త్రిప్పు చేయి వంటిది. వాల్వు గాని ట్రాన్సిస్టరు గాని ఆ తలుపు. కరెంటు సరఫరా ఆ కాలువ. ఈ పోలికను మనసున నిలుపుకొన్నచో దోషములన్నియు నాలుగు తెగలుగా తేలును. కాలువ నీరే మడ్డిగా ఉండవచ్చును, అది హోరు. తలుపు సరిగా జరుగక పట్టివేయవచ్చును; అది ధ్వని వికృతి. పారిన నీరు మరల తలుపు మీదికే వచ్చి దానిని త్రోయవచ్చును; అది కూత. తలుపే విరిగిపోవచ్చును, అప్పుడు యంత్రము మూగవోవును, లేదా కాలిపోవును.

విరిగిన తలుపు కథ మొదటిది. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్టు అనునాయన 'ఆడియాను' అను దీపము వంటి గాజు బుడ్డిని సృష్టించెను. దానిలో కాలు తీగ ఒకటి, లోహపు ప్లేటు ఒకటి, వాని నడుమ గ్రిడ్డు అను తీగల అల్లిక ఒకటి ఉండెడివి. గ్రిడ్డే మన తూము తలుపు. కాని దాని శక్తిని పెంచబోయి ప్లేటునకు ఎక్కువ వోల్టేజి ఇచ్చినచో, బుడ్డి లోపల నీలపు కాంతి కమ్ముకొని పలుకు ఆగిపోయెడిది. 1912 అక్టోబరులో అమెరికన్ టెలిఫోను కంపెనీ ఇంజనీర్ల ఎదుట డి ఫారెస్టు దీనిని ప్రదర్శించినప్పుడును ఆ నీలికాంతి కనబడెను. దూరపు టెలిఫోను తీగలపై నానాటికి నీరసించు మాటను నడిదారిలో బలపరుపగల సాధనము కొరకు ఆ కంపెనీ వెదుకుచుండెను. ఈ బుడ్డి పనికివచ్చునా రాదా అనునది ఆ నీలికాంతి మీద ఆధారపడినది.

ఆ కాంతిని సరిగా చదివినవాడు హెరాల్డు ఆర్నాల్డు అను యువ భౌతిక శాస్త్రజ్ఞుడు. బుడ్డిలో మిగిలిన వాయువు దాని పనికి ఆవశ్యకమని డి ఫారెస్టు నమ్ముచుండెను. ఆ వాయువే రోగమని ఆర్నాల్డు గ్రహించెను. గాలిని మరింత గట్టిగా తోడివేసినచో నీలికాంతి పోయి, బుడ్డి స్థిరముగా పని చేయునని ఆయన చేసి చూపెను. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఇర్వింగు లాంగ్మ్యూరు కూడ ఇదే దారిన పోవుచుండెను. 1915 జనవరి 25వ తేదీన న్యూయార్కులోని గ్రాహం బెల్లు, శాన్ ఫ్రాన్సిస్కోలోని తన పాత సహచరుడు వాట్సనుతో సుమారు 3,400 మైళ్ల తీగపై మాటాడగలిగెను. నడుమ నడుమ ఆ మాటను నిలబెట్టినవి ఈ కొత్త వాల్వులే. నేటికిని వాల్వు సెట్లను బాగుచేయువారు ఈ పాఠము నెరుగుదురు. గాజు లోపలి అంచున మెరయు నీలి నిగనిగ హానికరము కాదు. ప్లేటు, కాథోడుల నడుమ ఊదారంగు పొగవలె కాంతి నిండినచో లోపలికి గాలి చేరినదని అర్థము. ఆ వాల్వును తీసివేయవలసినదే.

ఇక కూత సంగతి. టెలిఫోనులో ఒక చెవికి పరిమితమైన మాటను వేలమందికి వినిపింపవలెనను కోరిక సహజముగనే కలిగెను. పీటరు జెన్‌సెను, ఎడ్విను ప్రిడ్‌హాము అను ఇరువురు కాలిఫోర్నియాలో కొమ్ము లౌడు స్పీకర్లను తయారు చేసిరి. 1919 సెప్టెంబరు 19వ తేదీన శాన్ డియాగో నగరమున అధ్యక్షుడు విల్సను అద్దాల గదిలో నిలిచి చేసిన ప్రసంగమును సుమారు 50,000 మంది ఈ సాధనముల ద్వారా వినిరి. పెద్ద సభలలో వక్త యెదుట కూర్చున్న కొలది మందికే మాట అందెడు కాలము అంతటితో ముగియ నారంభించెను. మన దేశమున స్వాతంత్ర్యోద్యమపు సభలలో నానిక్ మోత్వానే తన 'చికాగో రేడియో' సంస్థ ద్వారా లౌడు స్పీకర్లను అమర్చి నాయకుల కంఠములను లక్షల జనమునకు అందించెను.

కాని మైకును, లౌడు స్పీకరును ఒకే చోట ఉంచగనే కొత్త భూతము లేచెను. స్పీకరు పలికిన ధ్వని మైకులో పడును. అది పెరిగి మరల స్పీకరులో పలుకును. అది మరల మైకులో పడును. క్షణములో ఆ చుట్టు తిరుగుడు పెరిగి 'కుయ్'మని చెవులు చిల్లులు పడునట్లు కూయును. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు సోరెన్ లార్సెను పేరిట ఐరోపాలోని కొన్ని భాషలలో దీనిని 'లార్సెన్ ప్రభావము' అని పిలుతురు. పెట్టెలో ఏ భాగమును చెడకుండనే పుట్టు దోషమిది. పెట్టె విప్పి వెదకినవాడు రాత్రంతయు వెదకవలసినదే. స్పీకర్లను మైకుకు ముందు వైపున, జనము మీదికి త్రిప్పి నిలుపుట, మైకును వక్త నోటికి దగ్గరగా చేర్చుట, పెంపును కొంచెము తగ్గించుట, ఇవియే నాటికిని నేటికిని చికిత్సలు. కాని ఈ భూతమును గుర్తుంచుకొనవలెను. కథలో మరియొక వేషమున మరల వచ్చును.

మొదటి రేడియో యంత్రములు బ్యాటరీలపై నడచెడివి. ఫిలమెంటు వేడెక్కుటకు ఒక బ్యాటరీ, ప్లేటునకు ఒకటి, గ్రిడ్డునకు మరొకటి. ఈ మోతబరువు వదలించుకొనుటకై 1920 తరువాత ఇంటి కరెంటును వాడ మొదలిడగనే హోరు ఇల్లు చొచ్చినది. మన కరెంటు సెకనుకు 50 పర్యాయములు అటునిటు ఊగును. దానితో నేరుగా ఫిలమెంటును వేడి చేసినచో ఆ ఊపు ధ్వనిలో కలియును. అందుచే వేడి చేయు తీగను ఒక సన్నని లోహపు గొట్టములో దాచి, గొట్టము మాత్రమే ఎలక్ట్రానులను వెదజల్లునట్లు చేసిరి. 1927 నాటికి ఈ విధమైన వాల్వులు అమెరికా అంగడులలోనికి వచ్చెను. ప్లేటు సరఫరాకు రెక్టిఫయరు వాల్వు, దాని వెనుక కరెంటు అలలను చదును చేయుటకు చోకు, పెద్ద కండెన్సర్లు అమర్చిరి. మడ్డి నీరు తేరుటకు ఏర్పరచిన చెరువులు ఇవి.

సంగీతము తెలిసిన చెవికి ఇక్కడ ఒక సౌకర్యము కలదు. రెక్టిఫయరు కరెంటు యొక్క రెండు అర్ధభాగములను ఒకే దిక్కునకు త్రిప్పును; కనుక దాని వెనుక మిగిలిన అల సెకనుకు 100 పర్యాయములు ఊగును. 100 అనునది 50కి సరిగా ఒక స్థాయి పైన పలుకు స్వరము. హోరు పై స్థాయిలో ఉన్నచో చదును చేయవలసిన కండెన్సరు ఎండిపోయినదని ముందుగా అనుమానింపవలెను. ఎలక్ట్రొలిటిక్ కండెన్సరు లోపల తడి ఉండును; వేడికి ఏండ్లు గడిచిన కొలది అది ఆరిపోవును. మన ఎండలలో రేకుల పందిళ్ల క్రింద నడచు సెట్లకు ఈ ముసలితనము ముందే వచ్చుటలో వింత లేదు. హోరు క్రింది స్థాయిలో ఉన్నచో కరెంటు తీగల ప్రభావము నేరుగా ఎచటనో సోకుచున్నదనుకొనవలెను. మైకు తీగపై ఉండు లోహపు అల్లిక తెగియుండవచ్చును. వాల్వులో వేడితీగ కాథోడునకు తగిలియుండవచ్చును. రెండు చోట్ల ఎర్తు కలిపినందున ఆ రెంటి నడుమ కరెంటు చుట్టు తిరుగుచుండవచ్చును.

మోటారు పడవవలె 'టక టక టక'మని కొట్టుకొను దోషము కూడ ఆ కాలపుదే. బ్యాటరీ పాతబడినను, కండెన్సరు ఎండినను చివరి వాల్వు వాడు కరెంటు మొదటి వాల్వు సరఫరాను ఊపును. మొదటిది ఊగగా చివరిది మరింత ఊగును. అన్ని వాల్వులు ఒకే కాలువ నీరు త్రాగుటయే ఇందుకు మూలము. మొదటి వాల్వుకు వేరుగా ఒక రెసిస్టెన్సును, చిన్న కండెన్సరును అమర్చి, దానికి వేరు చెరువు కల్పించుట దీనికి మందు.

ఈ దోషములన్నియు ఏదో భాగము చెడుటచేతనో, అమరిక సరిలేకపోవుటచేతనో పుట్టినవి. అన్ని భాగములును బాగుండియు పుట్టు దోషము ఒకటి మిగిలెను. అదే ధ్వని వికృతి. వాల్వు తన స్వభావము చేతనే చిన్న అలను ఒక విధముగను, పెద్ద అలను మరొక విధముగను పెంచును. ఒక యంత్రములో ఇది చెవికి అంతగా తెలియదు. దేశమును దాటు టెలిఫోను మార్గమున పదుల కొలదిగ యంత్రములు వరుసగా నిలిచినప్పుడు, ఒక్కొక్కటి కొంత కొంత చెరుపగా, చివరకు మాట మాటగా మిగులదు. ఒకే తీగపై అనేక సంభాషణలను పంపినచో అవి ఒకదానిలో ఒకటి కలిసిపోవును.

1921లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీలో చేరిన హెరాల్డు బ్లాకు అను యువకుడు ఈ సమస్యను పట్టుకొనెను. మంచి వాల్వులు చేసినచో చాలునని మొదట ఆయన కూడ తలచెను. 1923లో స్టైన్‌మెట్జు అను మహాశాస్త్రజ్ఞుని ఉపన్యాసము విన్న పిమ్మట తన ప్రశ్ననే మార్చుకొనెను. వాల్వును నిర్దోషముగా చేయుట సాధ్యము కాకున్న, బయటికి వచ్చిన ధ్వని నుండి దోషమును తీసివేయలేమా? లోనికి పోయినదానిని, బయటికి వచ్చినదానిని పోల్చి, తేడాను వేరు చేసి, రెండవ ఆంప్లిఫయరుతో దానిని తీసివేయు ఏర్పాటు చేసెను. అది పని చేసెను గాని, గంట గంటకు ఎవరో ఒకరు సరిచేయుచుండవలసి వచ్చెడిది. వ్యవహారమున అది నిలువలేదు.

మరి నాలుగు సంవత్సరములు గడచెను. 1927 ఆగస్టు 2వ తేదీ ఉదయము ఉద్యోగమునకు పోవుటకై బ్లాకు హడ్సన్ నదిపై లాకవాన్నా పడవలో దాటుచుండెను. నడి నదిలో ఆయనకు ఉపాయము తోచెను. చేతిలో కాగితము లేనందున 'న్యూయార్కు టైమ్సు' పత్రికలో ఖాళీగా ఉన్న ఒక పుటపై పటమును, లెక్కలను వ్రాసి సంతకము చేసెను. అప్పటికి ఆయన వయసు 29 సంవత్సరములు. ఆ యేడు డిసెంబరు 29వ తేదీన ప్రయోగశాలలో వికృతి లక్షవ వంతునకు తగ్గెను.

ఉపాయము వినుటకు తేలిక. బయటికి వచ్చిన దానిలో కొంత భాగమును తీసి, తలక్రిందులు చేసి, మరల మొదటికి పంపవలెను. గాయకుడు తంబుర శ్రుతిని వినుచు, తన కంఠమును తానే వినుచు, తేడా తోచిన క్షణముననే సరిదిద్దుకొనును గదా! ఆంప్లిఫయరు కూడ తన పలుకును తానే విని దిద్దుకొనును. దీనినే నెగెటివ్ ఫీడ్‌బ్యాకు అందురు. దీనికి చెల్లింపవలసిన వెల ఒకటి కలదు; పెంపు చాల తగ్గును. ఉదాహరణకు 10,000 రెట్లు పెంచు యంత్రములో నూరవ వంతును వెనుకకు త్రిప్పినచో మొత్తము పెంపు 99 రెట్లకు దిగును. వాల్వులు ముసలివై వాని స్వంత పెంపు సగమై 5,000కు పడిపోయినను, మొత్తము పెంపు 98కి మాత్రమే తగ్గును. సగము బలము పోయినను నూటికి ఒక పాలు తేడాయే. కష్టపడి సంపాదించిన పెంపును పారవేయుమనుట నాటి ఇంజనీర్లకు విడ్డూరముగ తోచెను. 1928లో పెట్టిన పేటెంటు దరఖాస్తు 1937 డిసెంబరు 21వ తేదీ వరకు మంజూరు కాలేదు.

ఇక్కడనే మన పాత కూత భూతము వేషము మార్చుకొని వచ్చెను. వెనుకకు పంపు అల సరిగా తలక్రిందులుగా ఉన్నంతవరకే అది దిద్దును. యంత్రములోని భాగములను దాటునప్పుడు కొన్ని స్వరములకు అల ఆలస్యమగును. ఆలస్యము మిక్కుటమైనచో తలక్రిందులు కావలసినది నిటారుగా చేరి, దోషమును దిద్దుటకు బదులు పెంచును. అప్పుడు మైకు లేకుండనే పెట్టె తనంత తాను కూయును. ఎప్పుడు కూయునో, ఎప్పుడు కూయదో ముందుగా చెప్పు నియమమును బ్లాకు తోటి ఉద్యోగి హారీ నైక్విస్టు 1932లో ప్రకటించెను. నేడు విమానములను, కర్మాగారములను అదుపులో ఉంచు విద్యకు పునాదులలో ఒకటి ఈ టెలిఫోను యంత్రపు కూత నుండి పుట్టినదన్న మాట.

బాగుచేయువారికి మాత్రము ఈ ఆవిష్కారము ఒక కొత్త చిక్కు తెచ్చెను. పూర్వము ఒక చోట చెడినచో ఆ చోటనే కనిపించెడిది. ఇప్పుడు తోక తలకు కట్టబడినది. ఒక మూల చెడినచో యంత్రము తన్ను తాను దిద్దుకొనబోయి అన్ని చోట్లను వోల్టేజీలను మార్చివేయును. మంచి భాగములు కూడ చెడినవివలె కనబడును. పైగా కొలది దోషమును ఫీడ్‌బ్యాకు కప్పిపుచ్చును. చివరకు ఒకనాడు ఒక్కసారిగా బయటపడును. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరును మార్చిన వెంటనే సెట్టు భయంకరముగ కూయ నారంభించినచో కొత్త ట్రాన్స్‌ఫార్మరు చెడ్డదని పారవేయరాదు. వాల్వుల వైపు తీగలు రెండును తారుమారైనచో తలక్రిందులు కావలసిన అల నిటారుగా తిరిగి వచ్చును. ఆ రెండు కొనలను మార్చి కలిపినచో కూత ఆగును.

1947 ఏప్రిలు, మే నెలలలో ఇంగ్లండులోని 'వైర్‌లెస్ వరల్డ్' పత్రికలో డి. టి. ఎన్. విలియంసను ప్రకటించిన 15 వాట్ల ఆంప్లిఫయరు ఈ విద్యను సామాన్యుల ఇండ్లకు చేర్చెను. దానిలో వికృతి నూటికి పదవ వంతు మాత్రమే. అనేక దేశములలో ఔత్సాహికులు దానిని స్వయముగా కట్టుకొనిరి. చెప్పిన విధమైన ట్రాన్స్‌ఫార్మరును వాడక చౌకబారు దానిని అమర్చినవారు నైక్విస్టు నియమమును తమ చెవులతోనే నేర్చుకొనవలసి వచ్చెను. వాల్వు సెట్లలో తరచుగా కనబడు మరియొక రోగము కూడ చెప్పవలసియున్నది. రెండు వాల్వుల నడుమ ఉండు చిన్న కండెన్సరు కొంచెము కారినను, తరువాతి వాల్వు గ్రిడ్డుపై అధిక వోల్టేజి చేరి, ప్లేటు ఎర్రగా కాలును. వాల్వు చచ్చినదని కొత్తది వేసినచో అదియు చచ్చును. తప్పు కండెన్సరుది, శిక్ష వాల్వులకు.

1947 డిసెంబరులో బ్లాకు పనిచేసిన బెల్ ప్రయోగశాలలలోనే బార్డీను, బ్రాటెయిను ట్రాన్సిస్టరును కనుగొనిరి. 1956లో హెచ్. సి. లిన్ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు అక్కరలేని ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరు ఏర్పాటును ప్రకటించెను. బరువు తగ్గెను, వేడి తగ్గెను. రోగములు మాత్రము కొత్తవి వచ్చెను. మొదటిది వేడి రోగము. ట్రాన్సిస్టరు వేడెక్కిన కొలది ఎక్కువ కరెంటును పోనిచ్చును. ఎక్కువ కరెంటు పోయిన కొలది మరింత వేడెక్కును. ఈ పరుగు ఆగనిచో క్షణములలో అది కాలిపోవును. మొదటి జెర్మేనియము ట్రాన్సిస్టర్లు 100 డిగ్రీల లోపుననే ప్రమాదమునకు లోనయ్యెడివి. 45 డిగ్రీల ఎండలో మన ప్రాంతపు సభలకు అవి ఎంత నమ్మకమో ఊహింపవచ్చును. 150 డిగ్రీల వరకు ఓర్చు సిలికాను వచ్చిన పిమ్మట స్థితి మెరుగుపడెను.

రెండవది రెండు ట్రాన్సిస్టర్ల నడుమ పుట్టు వికృతి. చివరి మెట్టున అలలో పై సగమును ఒకటి, క్రింది సగమును మరొకటి మోయును. సిలికాను ట్రాన్సిస్టరు మేల్కొనవలెనన్నచో సుమారు 0.6 వోల్టు కావలెను. ఒకటి నిద్రపోయి, రెండవది ఇంకను మేల్కొనని సంధిలో అల విరిగిపోవును. ఈ దోషము బిగ్గరగా పలికినప్పుడు మరుగుపడి, నెమ్మదిగా పలికినప్పుడే గరగరమని వినబడును. బిగ్గరగా పెట్టినప్పుడే చెడు ధ్వని వేరు జాతిది. అది శక్తి చాలక అల తల తెగుట. చిన్న ధ్వనిలో చెడుచున్నదా, పెద్ద ధ్వనిలో చెడుచున్నదా అను ఒక్క ప్రశ్నతో సగము పరీక్ష ముగియును. మొదటి దోషమునకు మందుగా రెంటిని కొలదిగ మేల్కొలిపి ఉంచు కరెంటును అమర్చుదురు. ఆ కరెంటు వేడితో హెచ్చకుండ కాపలా కాయుటకు ఒక చిన్న ట్రాన్సిస్టరును అల్యూమినియము పలకకు తాకించి బిగింతురు. ఆ మర ఒక్కటి వదులైనచో కావలివానికి వేడి తెలియదు, ఇల్లు కాలును.

మూడవది స్పీకరు మరణము. వాల్వు సెట్టులో ట్రాన్స్‌ఫార్మరు అడ్డుండుటచే నేరు కరెంటు స్పీకరునకు చేరదు. కండెన్సరు కూడ లేకుండ స్పీకరును నేరుగా కలుపు ట్రాన్సిస్టరు సెట్టులో ఒక్క అవుట్‌పుట్ ట్రాన్సిస్టరు లోపల అతుకుకొన్నచో సరఫరా అంతయు స్పీకరు చుట్టపై పడి మాడ్చివేయును. అందుకే మంచి సెట్లలో దానిని విడదీయు రిలే ఉండును. స్పీకరు లేకుండ వాల్వు సెట్టును బిగ్గరగా నడపరాదు, ట్రాన్స్‌ఫార్మరు లోపల మెరుపు కొట్టును. స్పీకరు తీగలు ఒకదానికొకటి తాకగా ట్రాన్సిస్టరు సెట్టును నడపరాదు, ట్రాన్సిస్టర్లు పోవును. ఒకదానికి శూన్యము విషము, మరొకదానికి తాకిడి విషము.

నేటి ఆంప్లిఫయర్లలో తలుపు సెకనుకు లక్షల పర్యాయములు పూర్తిగా తెరచుకొని పూర్తిగా మూసికొను రకము విరివిగా వాడుకలో ఉన్నది. అర చేతిలో ఇమిడిపోవు పలక వందల వాట్లు ఇచ్చుచున్నది. ఐనను కండెన్సరు ఎండుట, టంకము వదులుట, ఎర్తు తెగుట మానలేదు. కావున పరీక్షా క్రమమును పాతదియే. ఫ్యూజు పోయినచో మందపు తీగ చుట్టి నడుపరాదు. ఎందుకు పోయినదో తెలిసికొనవలెను. దుకాణములలో వాడు సీరీస్ బల్బు దీనికి గొప్ప సాధనము. ట్రాన్స్‌ఫార్మరు సరఫరా గల సెట్టునకు కరెంటు దారిలో 100 వాట్ల పాత రకపు తీగ బల్బును వరుసగా కలిపినచో, లోపల తాకిడి ఉన్నప్పుడు బల్బు నిండుగా వెలిగి సెట్టును కాపాడును. తాకిడి లేనిచో ఒక్కసారి మెరసి మందగించును. తరువాత సరఫరాను కొలువవలెను. తరువాత చివరి మెట్టును. ఆ పిమ్మటనే మొదటి మెట్లను. ప్రాణముతో పని గనుక ఒక హెచ్చరిక. వాల్వు సెట్టులో 300, 400 వోల్టులు ఉండును. మీట తీసి ప్లగ్గు లాగిన పిమ్మట కూడ కండెన్సర్లలో ఆ శక్తి నిలిచియుండును. తగిన రెసిస్టెన్సు ద్వారా దానిని వదలించి, మీటరుతో చూచి, అప్పుడే చేయి పెట్టవలెను. అనుభవము లేనివారు మూత విప్పకుండుటయే మేలు.

ఇక పందిరిలోని ముసలి మెకానికు సంగతి. ఆయన విన్న హోరు క్రింది స్థాయిలో ఉండెను. కనుక సరఫరా కండెన్సరుపై ఆయనకు అనుమానము కలుగలేదు. కన్నులు తెరచి శబ్దపు మరను మెల్లగా తగ్గించెను. హోరు దానితోపాటు తగ్గెను. తప్పు ఆ మరకు వెనుక లేదు, ముందే ఉన్నదని తేలెను. అప్పుడు మైకు ప్లగ్గును లాగెను. పందిరి ఒక్కసారిగా నిశ్శబ్దమయ్యెను. సగము, అందులో మరల సగము, అంతే. తీగ కొనలో రెండు అంగుళముల చోట తప్పు దొరికినది. ప్లగ్గు లోపల లోహపు అల్లిక టంకము వీడి వ్రేలాడుచుండెను. కుర్రవాని చేతికి టంకపు కడ్డీనిచ్చి, 'ముందు విను నాయనా, కొట్టడం తరువాత' అనుచు వానిచేతనే అతికించెను.

ఆ కుర్రవాడు ఆర్నాల్డు పేరు గాని, బ్లాకు పేరు గాని విని ఉండడు. ఆ ముసలివాడును విని ఉండకపోవచ్చును. నీలికాంతిని విసుగుకొనక చూచినవాని ఓపిక మాత్రము ఎన్ని చేతులు మారియో ఆ పందిరి దాక వచ్చినది. దాసుగారు చిడతలు తట్టి గొంతు సవరించుకొనిరి. హార్మోనియపు శ్రుతి స్వచ్ఛముగ నిలిచెను. పందిరి వెలుపల బండ్లపై కూర్చున్నవారు కూడ సీతాకల్యాణమును చివరి వరకు వినిరి.